రికార్డింగ్‌లో గిటారు ప్రతిసారీ దరువుకు వెనకే పడుతోంది

తీగలబండి:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు ఒంటిగంట. ఇబిబియో సౌండ్ మెషీన్ అనే బృందం పాటల్లోలాంటి గిటారు ముక్క ఒకటి, డిస్కో దరువు మీద, వేగం నిమిషానికి 120 దెబ్బలు. వాయిస్తున్నంతసేపూ చక్కగా కుదిరినట్టే ఉంటుంది. తిరిగి వింటే ప్రతి స్వరమూ ఆలస్యం! మౌస్‌తో ఒక్కొక్కటీ జరిపి జరిపి కళ్లు మండుతున్నాయి. ఈ ఆఫ్రోబీట్స్ నా చేతికి రాదేమో.

పాతక్యాసెట్:
ముందు పేరు సరిచేసుకోండి. ఆఫ్రోబీట్ వేరు, చివర 'స్' తగిలిన ఆఫ్రోబీట్స్ వేరు. మొదటిది నైజీరియాలోని లాగోస్‌లో గాయకుడు ఫెలా కుటి, డ్రమ్మర్ టోనీ అలెన్ తీర్చిదిద్దినది. ఒక్క పాటే రికార్డు ఒక పక్కంతా ఆక్రమించేది. రెండోది ఈ శతాబ్దపు పాప్. మీరు చెప్పిన బృందం ఈ రెంటిలోనూ సరిగా ఇమడదు. వాళ్లది లండన్. గాయని ఎనో విలియమ్స్ నైజీరియాలో పెరిగారు, అక్కడి ఇబిబియో భాషలో పాడతారు. గిటారు వాయించిన కరి బానర్‌మన్ ఘనా మనిషి, ఆయన చేతిలో ఉన్నది హైలైఫ్, అంటే ఘనాలో పుట్టిన నాట్య సంగీతం. 2022 ఆల్బమ్‌కు హాట్ చిప్ అనే ఎలక్ట్రానిక్ బృందం వారు తోడయ్యారు కనుక సింథసైజర్ మోత పెరిగింది. అంతమాత్రాన అన్నిటినీ ఒకే గంపలో వేస్తారా?

నిలకడ:
హెడ్‌ఫోన్లు ఏవి?

లయసాధకుడు:
ఇందులో కంగారేమీ లేదు. అక్కడ గిటారు దెబ్బ మీద ఎత్తుకోదు, రెండు దెబ్బల నడుమ ఎత్తుకుంటుంది. మన కర్ణాటక సంగీతంలో అతీత గ్రహం అనే ఎత్తుగడ అదే కదా! గిటారు పక్కన పెట్టి వారం రోజులు చేత్తో తాళం వేస్తూ నోటితో పాడండి.

పాతక్యాసెట్:
తాళం మొదలయ్యాక పాట ఎత్తుకుంటే అనాగతం అండి, అతీతం కాదు.

లయసాధకుడు:
మా గురువుగారు నేర్పినది అతీతమే.

తీగలబండి:
వారం రోజులు లేవు, శనివారం కార్యక్రమం ఉంది. దయచేసి రికార్డింగ్ సంగతి చెప్పండి.

నిలకడ:
హెడ్‌ఫోన్లు?

తీగలబండి:
బ్లూటూత్‌వి. మంచివే, కొత్తవి. అది కూడా రాయాలా?

నిలకడ:
రాయాలి. తీగ ఉన్నవి పెట్టండి.

గదిస్టూడియో:
ఆయన పొదుపుగా చెప్పారు, నేను విడమరుస్తాను. బ్లూటూత్‌లో దరువు మీ చెవికి చేరేసరికే ఆలస్యమవుతుంది. మీరు విన్నదానికి సరిగ్గానే వాయిస్తున్నారు, కంప్యూటర్ మాత్రం దాన్ని అసలు దరువు పక్కన పెడుతోంది. 120 వేగంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను. అందులో నాలుగో వంతు 0.125 సెకను. బ్లూటూత్ ఆలస్యం అంతకు మించడం మామూలే. పాత ముక్క కావాలంటే ఒక్కొక్క స్వరాన్నీ కదపకండి, ట్రాక్ మొత్తాన్నీ ఒకేసారి ముందుకు లాగండి.

పాతక్యాసెట్:
అనాగతం అంటే ఇంకా రానిది. పదంలోనే ఉంది అర్థం.

లయసాధకుడు:
రానిది ఏమిటి, పాటా తాళమా? అక్కడే కదా తగాదా!

తీగలబండి:
తమ్ముడి పాత తీగ ఇయర్‌ఫోన్లు పెట్టాను, మొదటిసారికే కుదిరింది. ఏడు గంటలు! ధన్యవాదాలు. గిటారు నాదం మాత్రం మొద్దుగా ఉంది, ఆ గలగల రావడం లేదు. తీగల కింద మోత అందుకునే పికప్‌లలో ఏది పెట్టాలి?

లయసాధకుడు:
పాత పుస్తకం ఒకటి ఉంది నా దగ్గర, వెతికి రేపు రాస్తాను. అతీతమే.