ఎల్క్ వేటకు 450 గజాల వరకు నమ్మదగిన కార్ట్రిడ్జ్ ఏది?

కొలరాడోలో ఉంటున్న నేను వచ్చే సీజనులో లైసెన్సు తీసుకొని కొండల్లో ఎల్క్ (పెద్ద దుప్పి జాతి జంతువు) వేటకు వెళ్లదలచాను. అక్కడ లోయకు ఇవతలి నుంచి అవతలి వాలు మీదికి 300 నుంచి 450 గజాల దూరం కాల్చవలసి రావచ్చు. గాయపడిన జంతువు తప్పించుకుపోయి ఎక్కడో చావడం నాకు సమ్మతం కాదు కనుక, అంతకు మించిన దూరం ఆలోచించడం లేదు.

ప్రస్తుతం నా దగ్గరున్నది 6.5 క్రీడ్‌మూర్ అనే కార్ట్రిడ్జ్ (తూటా) వాడే రైఫిల్. 100 గజాల వద్ద 1,000 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలన్న రాష్ట్ర నిబంధనను అది సులభంగానే దాటుతుంది గాని, ఎల్క్‌కు కనీసం 1,500 ఉండాలని చాలామంది వేటగాళ్లు పాటించే లెక్క ప్రకారం చూస్తే, 143 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ 400 గజాలకే ఆ గీత కిందికి జారుతోంది. ఈ లెక్క శాస్త్రం కాదు, అనుభవజ్ఞుల అంచనా మాత్రమేనని తెలుసు. బుల్లెట్ నిర్మాణం, తగిలే చోటు అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం.

.300 విన్‌చెస్టర్ మాగ్నమ్‌లో శక్తికి కొదవ లేదు, కానీ భుజానికి తగిలే దెబ్బ క్రీడ్‌మూర్ కంటే దాదాపు రెట్టింపు. అందుకే మధ్యేమార్గంగా 7 ఎం.ఎం. రెమింగ్టన్ మాగ్నమ్ వైపు మొగ్గుతున్నాను. అయితే పాత రైఫిళ్లలో బ్యారెల్ లోపల బుల్లెట్‌ను తిప్పే గాడుల మెలిక నిదానంగా ఉండటం వల్ల, 170 గ్రెయిన్లు దాటిన పొడవాటి బుల్లెట్లు స్థిరంగా వెళ్లకపోవచ్చు.

2022లో వచ్చిన 7 ఎం.ఎం. పీఆర్‌సీ కార్ట్రిడ్జ్ ఈ ఇబ్బందిని నిజంగా తీరుస్తుందా, లేక ఉన్న క్రీడ్‌మూర్‌తోనే 350 గజాల లోపు ఆగడం మేలా? స్వయంగా ఎల్క్‌ను వేటాడినవారు, వాడిన బుల్లెట్ పేరు, దూరం కూడా తెలిపితే కృతజ్ఞుణ్ణి.