నాలుగేళ్ల పిల్లాడితో వండర్లా: అప్‌డేట్

అక్కావాళ్ల పిల్లలు ఇంటర్ పరీక్షలయ్యాక హైదరాబాద్‌లోని వండర్లా అమ్యూజ్‌మెంట్ పార్కుకి వెళ్దామంటే, మా నాలుగేళ్లవాణ్ణి తీసుకెళ్లాలా, అమ్మ దగ్గర వదిలెయ్యాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. తీసుకెళ్లాం. అమ్మని కూడా.

అక్కడ వయసు కాదు, ఎత్తే లెక్క. 85 సెం.మీ. లోపైతే టికెట్ అక్కర్లేదు, అది దాటితే పిల్లల టికెట్. మావాడు 102. అంటే డబ్బులు కట్టాలి, రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ లాంటి పెద్ద రైడ్లు మాత్రం ఎక్కనివ్వరు. నాకు ఇదే గిట్టుబాటు కాదనిపించింది. ఇంట్లోనే గోడకి నిలబెట్టి కొలిచి, "నీకు చిన్న రైడ్లే నాన్నా" అని ముందే చెప్పేశాం. అందుకే గేటు దగ్గర ఏడుపు లేదు.

పొద్దున పిల్లల రైడ్లు, తర్వాత లోతు తక్కువున్న నీళ్లు. వాటర్ రైడ్లకి నైలాన్ బట్టలే ఉండాలి, కాటన్ కుదరదు; ఇంటి నుంచే పట్టుకెళ్లండి. వేవ్ పూల్‌లో అల మొదలవగానే వాడు నా మెడ వదల్లేదు, బయటికి వచ్చేశాం. మధ్యాహ్నం వాడు అమ్మ ఒళ్లో నిద్రపోయాడు. ఆ టైమ్‌లోనే మా ఆయనా నేనూ పెద్ద రైడ్లు ఎక్కాం. అమ్మ రాకపోతే మాలో ఒకరు రోజంతా బెంచీ మీదే.

పెద్ద పిల్లలతో కలిసి వెళ్తే సరే. వాడొక్కడి కోసమైతే నేను వెళ్లను, జూపార్కు చాలు. వాడి ఎత్తు 140 సెం.మీ. దాటాక మళ్లీ చూద్దాం.