రెక్కల పురుగు తుండంతో వాసన కూడా చూస్తుందా?

ప్రశ్న (బెంగళూరు, జయనగర్):
మా వీధిలో ఆకాశమల్లె పూసినప్పుడు, చీకటి పడ్డాక పెద్ద రెక్కల పురుగులు, అంటే హాక్ మాత్‌లు, వస్తుంటాయి. అవి వాలకుండా గాలిలోనే నిలిచి, పొడవాటి తుండాన్ని పూల కాడలోకి దించుతాయి. కొన్ని పూల దగ్గర చాలాసేపు ఉంటాయి, కొన్నిటిని తాకీ తాకగానే వదిలేస్తాయి. వాసన పట్టేది మీసాలేనని చదువుకున్నాను. మరి పువ్వులోకి వెళ్లేది తుండం ఒక్కటే కదా, ఏ పువ్వు దగ్గర ఆగాలో వాటికి ఎలా తెలుస్తుంది?

జవాబు 1:
చాలా మంచి పరిశీలనండి. దూరం నుంచి దారి చూపేవి మీసాలే. పువ్వును చేరాక మాత్రం తుండం కొన కూడా వాసన చూస్తుంది. దవడల భాగాలు రెండు పొడవుగా సాగి, అతుక్కుని గొట్టంగా మారితే ఏర్పడినదే తుండం. దాని కొన దగ్గర ఉండే సన్నని ఇంద్రియ రోమాలలో చాలావాటి పని చక్కెరల వంటి రుచులను గుర్తించడం. వాసన సంగతి 2016లో తేలింది. జర్మనీలోని యేనాలో ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు, జన్యుమార్పుతో పూల పరిమళాన్ని అణచిన అడవి పొగాకు మొక్కల మధ్య అమెరికా జాతి పొగాకు హాక్ మాత్‌లను వదిలి చూశారు. పరిమళం ఉన్న పూల దగ్గరే అవి ఎక్కువ ఓపికగా తేనె కోసం ప్రయత్నించాయి. అందుకు కారణమైన వాసన నాడీకణాలు తుండం కొనలోనే కనిపించాయి. గాలిలో నిలిచి ఎగరడానికి ఎంతో శక్తి ఖర్చవుతుంది కనుక, తేనె లేని పువ్వు దగ్గర గడిపే ప్రతి క్షణం వాటికి నష్టమే.

జవాబు 2:
పై జవాబుకు ఒక మాట చేరుస్తాను. తుండానికి రెండు వైపులా పైకి వంగి ఉండే లేబియల్ పాల్పులు కూడా నోటి భాగాలే. వాటి కొనలోని చిన్న గుంట కార్బన్ డయాక్సైడ్‌ను పసిగడుతుంది. అమెరికాలోని ఒక ఉమ్మెత్త జాతిలో, అప్పుడే విచ్చుకుని తేనె నిండుగా ఉన్న పువ్వు ఈ వాయువును ఎక్కువగా వదులుతుంది, హాక్ మాత్‌లు అలాంటి పూలనే ఇష్టపడతాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే రామనగరలో గూళ్లు అమ్మే పట్టుపురుగు సంగతేమిటి?

జవాబు 2:
రెక్కలొచ్చాక అది ఏమీ తినదండీ, దాని నోరు పనిచేయదు. మగది ఆడదాన్ని మీసాలతోనే వెతుక్కుంటుంది.

జవాబు 3 (అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో ఉంటున్నాను):
మా బత్తాయి తోటలో రసం పీల్చే రెక్కల పురుగుది ఇంకో తీరు. దాని తుండం కొన గట్టిగా, ముళ్లతో ఉండి పండు తొక్కను పొడుస్తుంది, పొడిచిన చోట పండు కుళ్లి రాలిపోతుంది. దాని లార్వాలు తిప్పతీగ మీద పెరుగుతాయి కాబట్టి, తోట చుట్టూ ఆ తీగను తీసేయాలి.