స్పానిష్ క్రియారూపాలన్నీ కంఠస్థమే, వాక్యంలో మాత్రం తప్పుతున్నాయి

నిత్యవిద్యార్థి:
ఏడాదిన్నరగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. క్రియల పట్టికలన్నీ తడుముకోకుండా అప్పజెప్పగలను. కానీ జరిగిన సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు ప్రెతెరితో (ముగిసిన గతాన్ని చెప్పే రూపం) వాడాలో ఇంపెర్ఫెక్తో (సాగుతూ ఉన్న గతాన్ని చెప్పే రూపం) వాడాలో తేల్చుకొనేలోగా సంభాషణ ముందుకు సాగిపోతోంది. ‘ఉండు’ అనే అర్థమిచ్చే సెర్, ఎస్తార్ క్రియల తేడానూ, నిశ్చయం లేనిదాన్నీ ఇంకా జరగనిదాన్నీ చెప్పే సుబ్‌హుంతీబో రూపాన్నీ కూడా ఎవరైనా వివరించగలరా? ఇవి మీకు ఎంతకాలానికి అలవాటయ్యాయి?

మాటలమూట:
సెర్ శాశ్వతమైనవాటికి, ఎస్తార్ తాత్కాలికమైనవాటికి అని బోధించేవారి మీద నాకు ఇప్పటికీ కోపమే. చనిపోయినవారి గురించి ‘ఎస్తా ముఎర్తో’ అని ఎస్తార్‌తోనే చెబుతారు. సమావేశం ఎక్కడ జరుగుతుందో చెప్పడానికి మాత్రం, అది గంటలో ముగిసేదైనా సరే, సెర్ కావాలి. ఆ సూత్రాన్ని నమ్మి సమావేశస్థలాన్ని ఎస్తార్‌తో చెప్పి, పదిమందిలో దిద్దించుకున్నాను.

తొలిమెట్టు:
గతకాలం విషయంలో ఇంత మథనం అక్కరలేదు. చాలాకాలం సాగినదైతే ఇంపెర్ఫెక్తో, వెంటనే ముగిసినదైతే ప్రెతెరితో. ఈ ఒక్క సూత్రంతో నేను రెండు పరీక్షలు నెగ్గాను.

అనువాదకురాలు:
ఈ సూత్రం తప్పు, దయచేసి దీన్ని వ్యాప్తి చేయకండి. ‘పదేళ్లు మాద్రిద్‌లో నివసించాను’ అనడానికి ‘బిబీ దియెస్ ఆన్యోస్ ఎన్ మాద్రిద్’ అని ప్రెతెరితోయే వాడతారు. పదేళ్లు తక్కువ కాలమా? కాలానికి గిరి గీసి, లోపలిదంతా ముగిసిందని చెబుతున్నాం కనుక ఆ రూపం వచ్చింది. తెలుగులోనూ ‘పదేళ్లు అక్కడ ఉన్నాను’ అంటాం. ‘పదేళ్లు అక్కడ ఉండేదాన్ని’ అంటే చెవికి అతకదు. ‘అప్పట్లో అక్కడ ఉండేదాన్ని’ అన్నప్పుడు మాత్రం ‘బిబీయా’ సరిపోతుంది.

తొలిమెట్టు:
తప్పు చెప్పానంటే దిద్దండి, ఒప్పుకుంటాను. వ్యాప్తి చేయవద్దని ఆజ్ఞాపించడం మర్యాద కాదు. పైగా మీ తెలుగు కొలబద్ద కూడా అన్నిచోట్లా నిలవదు. ‘నేను బయలుదేరేసరికి వాన కురుస్తోంది’ అంటాం. ‘కురిసేది’ అనం. స్పానిష్‌లో అక్కడ ‘ల్యోబీయా’ అనే ఇంపెర్ఫెక్తో కావాలి.

అనువాదకురాలు:
వాన ఉదాహరణ సరైనదే, అది నాకు తట్టలేదు. అయినా కాలం పొడవుకూ క్రియారూపానికీ ముడిపెట్టడాన్ని ఒప్పుకోను. పద్దెనిమిదేళ్లుగా ఉత్తరప్రత్యుత్తరాలు అనువదిస్తున్నాను కనుక గట్టిగా చెబుతున్నాను. కరకాస్‌లో పుట్టిన ఆంద్రెస్ బెయ్యో 1847లో ప్రచురించిన వ్యాకరణంలో ఇంపెర్ఫెక్తోకు ‘కోప్రెతెరితో’ అని పేరు పెట్టాడు. మెక్సికో పాఠశాలల్లో ఆ పేరు నేటికీ వాడుకలో ఉంది. ఆ మాటలోనే కిటుకు ఉంది: మరొక గతక్రియ జరిగినప్పుడు దానితోపాటు నడుస్తూ ఉన్నది అని. మీ వాన సరిగ్గా అదే.
ఈ తేడా నాకు నష్టం కలిగించి నేర్పింది. ఒక ఒప్పందానికి సంబంధించిన లేఖలో ‘ఆయన సంతకం చేయనన్నాడు’ అని ఉండవలసిన చోట ‘నో కియెసో ఫిర్మార్’కు బదులు ‘నో కెరీయా ఫిర్మార్’ అని రాశాను. రెండోదానికి ‘సంతకం చేయడం ఆయనకు ఇష్టం లేదు’ అని మాత్రమే అర్థం. చేశాడా లేదా అన్నది తేలదు. ఆ పని మళ్లీ నా చేతికి రాలేదు.

దూరతీరం:
మెక్సికో మిత్రుల దగ్గర నేర్చుకున్న నేను ‘ఈ ఉదయం ఫలహారం చేశాను’ అనడానికి ‘దెసాయునే’ అనేవాణ్ణి. మాద్రిద్‌లో ఒక ఉపాధ్యాయుడు ‘ఎ దెసాయునాదో’ అని దిద్ది మార్కులు తగ్గించాడు. ఒక ప్రాంతపు వాడుకను తప్పుగా లెక్కించడం అన్యాయం.

మాటలమూట:
అన్యాయమే, కానీ స్పెయిన్‌లో పరీక్ష రాసేవారు అక్కడి వాడుక తెలుసుకోవాలి కదా.

నడిదారి:
అందరూ గతంలోనే ఉండిపోయారు, సుబ్‌హుంతీబో అడిగిన మనిషికి జవాబే లేదు. బొమ్మలున్న పుస్తకం కోసం వెతుకుతున్నారనుకోండి. ఫలానా పుస్తకం ఉందని తెలిసి వెతికితే ‘బుస్కో ఊన్ లీబ్రో కె తియెనె దిబూహోస్’. అలాంటిది ఏదైనా చాలు, అసలు ఉందో లేదో తెలియదు అంటే ‘తియెనె’ స్థానంలో ‘తెంగా’. పుస్తకం మారలేదు, దాని ఉనికి గురించి మన భరోసా మారింది. ‘ఎప్పుడైతే’ అనే అర్థమిచ్చే ‘క్వాందో’ తరువాత కూడా అంతే: ఆమె వచ్చినప్పుడల్లా అంటే ‘బియెనె’, ఇకముందు వచ్చినప్పుడు అంటే ‘బెంగా’.
‘నచ్చు’ అనే అర్థమిచ్చే గుస్తార్ క్రియ గురించి మాత్రం తెలుగువారు బెంగపడనక్కరలేదు. ‘నాకు ఆ పుస్తకాలు నచ్చుతాయి’ అన్నప్పుడు క్రియ పుస్తకాలను అనుసరించినట్లే, ‘మె గుస్తాన్ లోస్ లీబ్రోస్’లోనూ అనుసరిస్తుంది.

నిత్యవిద్యార్థి:
అందరికీ కృతజ్ఞతలు. ‘చిన్నప్పుడు రోజూ చదివేవాణ్ణి, ఒకరోజు ఒక కవితో పరిచయమైంది’ అనే అర్థంలో ఒక వాక్యం రాశాను, చూడండి: ‘క్వాందో ఎరా నీన్యో, లెయీయా తోదోస్ లోస్ దీయాస్, ఊన్ దీయా కొనొసీయా ఆ ఊన్ పొయేతా.’

తొలిమెట్టు:
చివరి క్రియ ‘కొనొసీ’ కావాలి. ఆ రోజే కవితో పరిచయమైంది. ‘కొనొసీయా’ అంటే ఆయనను ముందునుంచే ఎరుగుదునని అర్థం. మిగతా రెండు ఇంపెర్ఫెక్తోలూ సరిగ్గా ఉన్నాయి, అవి చాలాకాలం సాగినందుకు కాదు, ఆ పరిచయానికి వెనుక నడుస్తూ ఉన్నందుకు.