ఎంఏ పిల్లలతో ఇనుము తీయించబోతే చిట్టెం మిగిలింది. మీ అనుభవాలు చెప్పండి

పుట్టమట్టి:
పురావస్తు శాస్త్రం చెబుతాను. "పాతకాలం కొలిమిలో ఇనుము కరిగించేవారు" అని ఏళ్లుగా క్లాసులో వల్లిస్తున్నా. ఈసారి పిల్లలతోనే ఛాతీ ఎత్తు మట్టి కొలిమి కట్టించా. మట్టిలో ఊక కలిపి, వారం ఆరబెట్టి, ఆరు గంటలు తిత్తులు ఊదించా. పగలగొడితే నల్లటి చిట్టెం (ఖనిజంలోని మలినాలు కరిగి గడ్డకట్టినది), సగం కాలిన బొగ్గులు. అయస్కాంతానికి పలుకు కూడా అంటలేదు. ఎక్కడ తప్పాం?

నల్లబొగ్గు:
ముందు ఆ వాక్యం మార్చండి సార్. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి, ఈ కొలిమి 1200 దగ్గర నడుస్తుంది. కరిగి కారేది చిట్టెం. ఇనుము స్పాంజిలాంటి ముద్దగా లోపలే ఉండిపోతుంది. ఖనిజం కాల్చి శనగగింజంత చేశారా? మేం మొదటిసారి నిమ్మకాయంత ముక్కలు వేసి దెబ్బతిన్నాం.

కమ్మరిమనవరాలు:
మా తాతను క్యాంపస్‌కి తీసుకెళ్లా. ఆయన కొన్న ఇనుమే సాగగొట్టాడు కానీ, మంట రంగు చదవగలడు. రెండు తిత్తులు, ఒకటి నిండేలోపు రెండోది వదలాలి, గాలి తెగకూడదు అన్నాడు. మా వాళ్లేమో సెల్ఫీ కోసం ఇద్దరూ ఒకేసారి లేచారు. వేడి తగ్గి మంట ఎర్రబడింది, కోపంతో తాత ముఖం కూడా.

పుట్టమట్టి:
అయ్యో. మేం భోజనానికని అరగంట ఆపాం.

నల్లబొగ్గు:
దొరికింది సార్ మీ ఇనుము :)

చెరువుగట్టు:
మార్కుల సంగతేంటి? మా దగ్గర ఇనుము రాలేదని పరీక్షకుడు సున్నా వేయబోయాడు. ఎప్పుడు ఎంత బొగ్గు, ఎంత ఖనిజం వేశారో, మంట ఏ రంగులో ఉందో రాసిన నోట్‌బుక్ చూపిస్తే మెత్తబడ్డాడు. ఇప్పుడు ఆ నోట్‌బుక్‌కే ఎక్కువ మార్కులు. ఇంకో మాట, కొలిమి ఆరుబయటే పెట్టండి. బొగ్గు మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి వాసన ఉండదు.

పుట్టమట్టి:
వచ్చేసారి కోనసముద్రం ఉక్కు చేద్దామంటున్నారు పిల్లలు.

నల్లబొగ్గు:
తొందరపడకండి. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్లో రెండు రకాల ఇనుము కలిపి మూసలో (లోహం కరిగించే మట్టిపాత్రలో) పెట్టేవారని 1832లో అచ్చయిన బ్రిటిష్ భూగర్భశాస్త్రవేత్త వాయ్సీ వ్యాసంలో ఉంది. అక్కడ ఉక్కు నిజంగానే కరగాలి, వేడి ఇంకా చాలా ఎక్కువ కావాలి. ముందు ఒక ఇనుప ముద్ద తీయండి.

కమ్మరిమనవరాలు:
తాతను అడిగా సార్, వస్తాడట. కుర్చీ నీడలో వేయాలట, ఫోన్లు ముందే లాక్కోవాలట.