పాత సున్నపు గోడకు చెమ్మ ఆగడం లేదు

మాది సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో డంగు సున్నంతో కట్టిన పాత ఇల్లు. వీధి వైపు గోడకు 3 అడుగుల ఎత్తు దాకా చెమ్మ ఎక్కుతుంటే 2021లో సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించాం. రెండో వానాకాలానికే పెచ్చులూడి, తెల్లగా ఉప్పు తేలింది. పోయినేడు వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయిస్తే చెమ్మ నాలుగున్నర అడుగులకు పాకింది. పైపు లీకేజీ లేదు, ప్లంబర్‌కు చూపించాం. రోడ్డు మీద రోడ్డు వేయడంతో మా గడప వీధికన్నా 9 అంగుళాలు కిందికి పోయింది, వాన నీళ్లు గోడ మొదట్లోనే నిలుస్తున్నాయి. పక్క ఇళ్లన్నీ అపార్ట్‌మెంట్లవుతున్నా ఈ ఇంటిని వదులుకోలేం. ఇప్పుడు గోడ వెంట కాలువ తీయించి, సిమెంట్ మొత్తం చెక్కించి, మళ్లీ సున్నమే పూయించాలనుకుంటున్నాం. చెక్కించాక గోడను ఎన్నాళ్లు ఆరనిచ్చి సున్నం పూయాలి?