ఫాంటసీ కథలో అడవికి నిజం అడవి లెక్కలు కావాలా?

వనమాలి: ఫాంటసీ నవల రాస్తున్నాను. కథ జరిగేది నల్లమల లాంటి అడవిలో, పేరు మాత్రం మార్చాను. ఫాల్గుణ మాసంలో రాకుమారి పచ్చటి అడవి గుండా చప్పుడు కాకుండా మాంత్రికుడి గుహకి వెళ్తుంది. చదివిన ఫ్రెండ్ "ఫాల్గుణంలో ఆ అడవి పచ్చగా ఎక్కడుంటుంది?" అని అక్కడే ఆగిపోయాడు. మాట్లాడే చిలుకని నమ్మినవాడికి ఆకులతో ఏం పేచీ?

కొండదారి: నేను మీ ఫ్రెండ్ పక్షమే. నల్లమల ఆకురాల్చే అడవి. ఆ రోజులకి టేకాకులు ఎండి నేలంతా పరుచుకుని ఉంటాయి, కాలు పెడితే పటపటమంటాయి. చప్పుడు కాకుండా ఎలా వెళ్తుందండీ? మోదుగ మాత్రం ఒంటిమీద ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉంటుంది. దాన్ని వదిలేసి పచ్చదనం ఎందుకు?

చిలుకపలుకు: ఏడు సముద్రాల అవతల అంటే ఏ సముద్రాలని ఎవరైనా అడిగారా? మా నాయనమ్మ "కాకులు దూరని కారడవి, చీమలు దూరని చిట్టడవి" అంటే చాలు, దుప్పటి ముసుగేసుకునేవాళ్ళం. ఇప్పటి రాతలేమో ఫారెస్టు ఆఫీసు రిపోర్టులా ఉంటున్నాయి.

కొండదారి: నాయనమ్మకి గొంతుంది, చీకటుంది. మూడొందల పేజీల నవలలో రాకుమారికి దాహం వేస్తుంది కదండీ. వాగు ఎండిపోతే ఇసుకలో చెలమ తీసుకోవాలి. నీళ్ళు ఊరేదాకా అక్కడే కూర్చోవాలి. శత్రువు ఎదురుపడటానికి ఇంతకంటే మంచి చోటుందా? పచ్చగానే కావాలంటే ఉండనివ్వండి, నమ్ముతాను. కానీ కథలో ఎవరో ఒకరు "ఈ కాలంలో ఇదేంటి?" అని బెదరాలి. అప్పుడది మాయ. ఎవరూ బెదరకపోతే రచయిత చూసుకోలేదనే అనుకుంటాం.

పెన్నాగట్టు: ఆకులు సరే, గుహ సంగతి? అందరూ గుహ అనగానే చల్లగా ఉంటుందని రాసేస్తారు. బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవు. లోపలికి పోయేకొద్దీ ఉక్కపోత, చొక్కా తడిసిపోతుంది. అలాంటి చోట కాగడా పట్టుకుని గంటసేపు కత్తియుద్ధమా! (నేను పది నిమిషాలకే నీళ్ళ బాటిల్ ఖాళీ చేశాను.)

అరణ్య: ఒక్క మాట. నల్లమలలో చెంచులున్నారు. పేరు మార్చినా చదివేవాళ్ళకి తెలిసిపోతుంది. రాకుమారికి దారి చూపించి చచ్చిపోయే పాత్రగా వాళ్ళని పెట్టకండి.

చిలుకపలుకు: ఇది ఒప్పుకుంటాను. ఆకుల సంగతి మాత్రం ఒప్పుకోను. పేరు మార్చింది స్వేచ్ఛ కోసమే కదా?

వనమాలి: అరణ్య గారూ, నా కథలో సరిగ్గా అలాంటి పాత్రే ఉంది. తీసేస్తున్నాను. రాకుమారిని ఎండిన వాగులో నడిపిస్తా. ఇసుకే కాబట్టి చప్పుడు ఉండదు.

కొండదారి: అడుగులు పడతాయండీ. మాంత్రికుడు పొద్దున్నే నీళ్ళకి అక్కడికే వస్తాడు.

వనమాలి: అయితే మూడో అధ్యాయం మళ్ళీ రాయాలి. చిలుకని మాత్రం ముట్టుకోను.